బందరులో పొద్దు పొడిచిన నిమిషం

1970 ఏప్రిల్ 15, బుధవారం. వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. బందరుకి ఆనుకుని ఉన్న గిలకలదిండిలో, సముద్రపు పాయ గట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. చెప్పులు విడిచి చేత పట్టుకోక తప్పలేదు. ఈ ఒడ్డున నల్లమట్టి, పోటుకి తడిసిన చోట కాలు మడమ దాకా దిగిపోతుంది. ఎండుచేపల వాసన. గట్టు మీద ఆరేసిన వలలోంచి ఒకాయన నాచు ఏరుతున్నాడు, తల ఎత్తకుండా. చిరిగిన కన్ను దొరికినప్పుడల్లా వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగలాగుతాడు. వెదురు సూదితో నూలు దూర్చి ముడేస్తాడు. మిగిలిన పోగు పళ్ళతో తెంపుతాడు. మళ్ళీ నాచు ఏరడం మొదలు.

చంద్రుడు అర్ధరాత్రి దాటాకే అస్తమించాడు. ఇప్పుడు భూగోళానికి అవతలి వైపు, మన పాదాల కిందెక్కడో ఉన్నాడు. తూర్పున నీళ్ళ అంచు ఎర్రబడింది.

గడియారం చూసుకోండి. అయిదు గంటల యాభై ఒక్క నిమిషాలు. బందరులో పొద్దు పొడిచేది ఇంచుమించు ఈ నిమిషానే. ఇదే నిమిషాన ముగ్గురు మనుషులు భూమికి 4,00,171 కిలోమీటర్ల దూరంలో చంద్రుడి వెనక్కి మళ్ళారు. జేమ్స్ లోవెల్, జాక్ స్వైగర్ట్, ఫ్రెడ్ హేజ్. ఇల్లు విడిచి అంత దూరం అంతకు ముందు ఏ మనిషీ పోలేదు. అంత దూరం పోదామని వాళ్ళూ బయల్దేరలేదు.

నిన్న ఉదయం, మన గడియారంలో 8 గంటల 38 నిమిషాలకి, అపోలో 13లో ఒక ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఊపిరికే కాదు, కరెంటుకీ తాగే నీళ్ళకీ కూడా ఆ ఆక్సిజనే ఆధారం. ఒడిస్సీ అనే ప్రధాన నౌకని ఆపేసి, చంద్రుడి మీద దిగడానికి వెంట తెచ్చుకున్న అక్వేరియస్‌లోకి ముగ్గురూ చేరారు. అది ఇద్దరు మనుషులకి, రెండు రోజులకి సరిపడేలా కట్టినది. అందులో ముగ్గురు నాలుగు రోజులు బతకాలి. వెంటనే వెనక్కి తిప్పే వీలు లేదు. చంద్రుణ్ణి చుట్టి, ఆయన లాగుడుతోనే ఇంటి ముఖం పట్టాలి. దిగడానికి వెళ్ళిన నౌకలు చంద్రుడికి నూటపది కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి. వీళ్ళు 254 కిలోమీటర్ల ఎత్తున దాటుతున్నారు. పైగా చంద్రుడే ఆ రోజుల్లో భూమికి బాగా ఎడంగా ఉన్నాడు. అన్నిటికన్నా దూరం పోయిన మనుషులన్న పేరు వాళ్ళకి అలా వచ్చింది, ప్రాణాలు దక్కించుకునే దారిలో.

అక్వేరియస్ లోపలికి రండి. కూర్చునే చోటు లేదు, అసలు ఆ గదిలో కుర్చీలే లేవు. దీపాలు చాలామటుకు ఆర్పేశారు. మనిషికి రోజుకి గ్లాసుడు నీళ్ళు. చలి మొదలైంది. ఇంకో రెండు రోజుల్లో ఒడిస్సీలో నాలుగు డిగ్రీల దగ్గరికి దిగుతుంది, గోడల మీద ఊపిరి తడి నీటిబొట్లయి నిలుస్తుంది. ఊపిరితో వదిలిన గాలే విషమయ్యేలా ఉంది. దాన్ని శుభ్రం చేసే డబ్బాలు ఒడిస్సీవి చదరంగా ఉన్నాయి, అక్వేరియస్‌లో పెట్టే చోటు గుండ్రంగా ఉంది. హౌస్టన్ ఇంజనీర్లు అట్టముక్క, ప్లాస్టిక్ సంచి, గొట్టం, అంటించే టేపుతో ఉపాయం చెబుతారు. వీళ్ళు అది విని చేతులతో కడతారు.

ఇప్పుడు మాత్రం ఆ చెప్పే గొంతు కూడా లేదు. చంద్రుడు అడ్డం వచ్చాడు. అప్పటిదాకా ఇక్కడి మాట అక్కడికి చేరడానికి సెకనున్నర కూడా పట్టలేదు. ఇక దాదాపు పాతిక నిమిషాలు ఏ మాటా అటు పోదు, ఇటు రాదు. లోవెల్ పదహారు నెలల కిందట అపోలో 8లో వచ్చి ఈ వెనక భాగం చూసినవాడు. మిగతా ఇద్దరికీ ఇదే మొదటిసారి. కిటికీల దగ్గర చేరి, కెమెరాలు పట్టుకుని, గుంటలు పడ్డ ఆ నేలని ఫొటోలు తీస్తున్నారు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు వాళ్ళ మీద ప్రేమ పుడుతుంది. ఇల్లు చేరతారో లేదో తెలియని మనుషులు, చూడవచ్చిన దాన్ని కళ్ళారా చూసుకుంటున్నారు.

గిలకలదిండిలో పొద్దెక్కింది. మొగ దాటి వెళ్ళిన పడవలు కంటికి ఆనడం లేదు. వాటిలో ఉన్నవాళ్ళకి రేడియో లేదు. తెరచాప మళ్ళీ కనబడేదాకా గట్టు మీది ఇంటికి ఏ కబురూ లేదు. పట్టుమని పది మైళ్ళుండదు. అయినా ఆ ఇంటికి ఆ పది మైళ్ళు చంద్రుడి వెనక భాగమే.

బందరు కోట వైపు నడవండి. డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి, 17వ శతాబ్దం నాటివి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి తడమండి, అంచులు ఇంకా తెలుస్తాయి. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికి వచ్చారు. ఆఫ్రికా కొస చుట్టి నెలల తరబడి ప్రయాణం. ఇక్కణ్ణించి ఇంటికో జాబు రాస్తే, బదులు వచ్చేసరికి ఏడాదిన్నరో రెండేళ్ళో పట్టేది. మనం పుట్టిపెరిగిన ఊరు వాళ్ళకి లోకం చివర. ఇదే రేవు నుంచి గోల్కొండ వాళ్ళ ఓడలు మక్కా యాత్రికులతో ఎర్రసముద్రానికి, అద్దకం బట్టలతో పెగూకి, అచేకి పోయేవి. గాలి మళ్ళేదాకా తిరుగుదారి లేదు. ఆ ఓడల్లో తాళ్ళు లాగిన మన వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే ఆ ముగ్గురిదే పైచేయి. కబురు అందని కాలంతో కొలవమంటాను నేను. అలా కొలిస్తే, ఈ బుధవారం నుంచి ఏడేళ్ళు ముందుకి పోవాలి, 1977 నవంబరు 19కి. దివిసీమ. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణ తన రెండు చేతుల మధ్య పెట్టుకున్న నేల. ఉప్పెన ఇంటి కప్పుల మీదుగా దాటింది. తీగలు తెగాయి, రోడ్లు పోయాయి. దాదాపు పదివేలమంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళకి ఏమైందో బయటి ప్రపంచానికి సరిగ్గా తెలియడానికి రోజులు పట్టింది. అవనిగడ్డ నుంచి పొలాలకి అడ్డంపడి నడిస్తే ఒక్క పూటలో చేరే ఊళ్ళు అవి. తాడిచెట్టు ఎక్కి బతికినవాడు ఆ రాత్రి అరిచిన అరుపు ఏ హౌస్టన్‌కీ వినబడలేదు.

ఇక ఊళ్ళోకి రండి, కోనేరు సెంటరుకి. శ్రీరామనవమి రోజులు. పందిట్లో తాటాకు పచ్చి వాసన ఇంకా పోలేదు, పానకం బిందె చుట్టూ ఈగలు. గుడివాడ మీదుగా బెజవాడ బండి తెచ్చిన పత్రికల కట్టలు విప్పారు. టీకొట్లో ఒకాయన పైకి చదువుతుంటే నలుగురు వంగి వింటున్నారు. అందులో ఒకతను ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో పనికి పోవాల్సినవాడిలా ఉన్నాడు, టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. బడుల్లో లేబరేటరీలకి మైక్రోస్కోపులు చేసి పంపే కంపెనీ అది. తర్వాత 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. కంటికి ఆననిది కనబడేలా చెయ్యడం తెలిసిన ఊరు మాది అని బందరువాళ్ళు అంటే, ఆ మాట కాదనడానికి లేదు.

"గాలి సరిపోద్దంటారా బాబాయ్?"

"మనిషికింత అని లెక్కేసి ఇస్తన్నారంట. చూద్దాం."

ఈ మాటల మధ్యే, 8 గంటల 10 నిమిషాలకి, అక్కడ అక్వేరియస్ ఇంజను వెలిగింది. చంద్రుడి మీద మెల్లగా దిగడానికి చేసిన ఇంజను, నాలుగున్నర నిమిషాల సేపు ముగ్గుర్నీ ఇంటి వైపు తోసింది. అది వెలక్కపోయినా భూమికి చేరేవాళ్ళే, కానీ ఇంకా ఆలస్యంగా, మన హిందూ మహాసముద్రంలో పడేవాళ్ళు. అక్కడ వాళ్ళని ఎత్తుకోవడానికి తగినన్ని ఓడలు లేవు. ఇప్పుడు పసిఫిక్‌కి గురి కుదిరింది.

ఏప్రిల్ 17, శుక్రవారం రాత్రి 11 గంటల 37 నిమిషాలకి సమోవా దగ్గర నీళ్ళలో దిగారు. లోవెల్ ఆరు కిలోలకి పైగా తగ్గాడు. హేజ్‌కి జ్వరం. మర్నాడు పొద్దున కోనేరు సెంటరులో రేడియో చుట్టూ మళ్ళీ జనం.

"ఎక్కడ పడ్డారంట?"

"సముద్రంలోనే. ఓడకి ఆరు కిలోమీటర్లంట."

అడిగినవాడు తలపాగా సర్దుకుని, సముద్రం మీద బతుకు నడిపినవాడిలా, కాసేపు ఆ లెక్క చూసుకున్నాడు. "చంద్రుడి కాణ్ణించి వచ్చి ఆరు కిలోమీటర్లా! మంచి సరంగు" అన్నాడు.