వినబడు అక్షరము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లానుండి వేరుపడినవి. జిల్లాలు క్రొత్తవైనను ఈ సీమకు గ్రంథాలయములతోడి చుట్టరికము ప్రాతది. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. పుస్తకము లేనివారికి దానిని సమకూర్చుట నాటి సమస్య. పుస్తకము చేతనుండియు చదువజాలని అంధుల సంగతి వేరు.

ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ, తానును అంధుడే, ఆరు చుక్కల లిపిని 1829లో ప్రకటించెను. మన దేశమున 1951లో భారతీయ భాషలన్నిటికిని ఒకే పద్ధతిగా భారతీ బ్రెయిలీ ఏర్పడెను. అందు తెలుగును గలదు. అయితే చుక్క వ్రేలికి తగులవలెను గనుక అక్షరమును చిన్నది చేయరాదు, దళసరి కాగితము కావలెను. మామూలు గ్రంథమొకటి పలు సంపుటములగును. పల్లె గ్రంథాలయపు బీరువా దానికి చాలదు.

ధృతరాష్ట్రునికి సంజయుడు దొరకినట్లు, అంధులకు కంప్యూటరులో తెరచదువరి దొరకెను. తెరపైనున్నదానిని ఇది బిగ్గరగా చదివి వినిపించును. వీనిలో ఎన్.వి.డి.ఏ. అను దానిని 2006లో ఆస్ట్రేలియా దేశీయుడగు మైకేల్ కరన్, అతడును అంధుడే, ఆరంభించి ఉచితముగా నిచ్చెను. దానితో వచ్చు ఈస్పీక్ అను కంఠము తెలుగును పలుకును. పలుకు బిరుసు, మత్తేభమును సైతము వచనమువలె చదివివేయును. ఐనను అర్థమగును.

చిక్కు మరియొకచోట నున్నది. సంజయునికి దివ్యదృష్టి కలదు, ఈ యంత్రమునకు లేదు. అది అక్షరపు రూపును చూడదు, దాని సంఖ్యను మాత్రమే చదువును. పొలము గట్టు వంకరైనను సర్వే నంబరుతో గుర్తుపట్టినట్లే యని తలచవచ్చును. 1991లో వెలువడిన యూనికోడు తెలుగు అక్షరములకు అట్టి నంబరులిచ్చినది. కాని చాలకాలము మన అచ్చుకూటములు వాడిన ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల నంబరులపైననే తెలుగు బొమ్మలను కూర్చినవి. కంటికది చక్కని తెలుగు, తెరచదువరికి అర్థములేని రొద. పుటలను ఫొటో తీసి దాచిన పుస్తకముల గతి ఇంకను కష్టము. అక్షరములను గుర్తించు వేరొక సాధనము తోడురానిచో అచ్చట యంత్రమునకు అక్షరమే లేదు.

జనగామ జిల్లాలోని బమ్మెర పోతనామాత్యుని ఊరు (ఒంటిమిట్టవారు ఒప్పకున్నను). ఆయన భాగవతము నేడు అంతర్జాలమున యూనికోడులో లభించుచున్నది. దానిని అంధుడు తన ఫోనులోనే వినవచ్చును. ఐఫోనులో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడు ఫోనులలో టాక్‌బ్యాక్ రెండును 2009లో వచ్చినవి. తెరపై వ్రేలు ఎచ్చట పెట్టిన అచ్చటి మాట వినబడును.

చట్టములును కొంత తోడుపడినవి. 2012 నాటి కాపీరైటు సవరణ అంధుల నిమిత్తము గ్రంథములను మార్చుకొనుటకు వీలు కల్పించెను. 2013 నాటి మరాకేషు ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అను అంతర్జాల గ్రంథాలయము వెలసెను. పుస్తకములే కాదు, బ్యాంకు పనియు ఫోనులోనికి చేరినది. ఖాతాదారును గుర్తించుటకు కన్ను ఆర్పుమని ఫోను అడిగిన అంధుడేమి చేయును? ఆమ్లదాడిలో కనురెప్పలు పోయినవారేమి చేయుదురు? ఇట్టివారి మొర ఆలకించి సుప్రీంకోర్టు 2025 ఏప్రిలు 30వ తేదీన, అంతర్జాల సేవలను అందుకొనుట జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పి, ఆ పరీక్షకు మారుమార్గము లుండవలెనని ఆదేశించెను.

రజతోత్సవ సంచికల మాటయు నిట్టిదే. వానిని యూనికోడులో కూర్చి, ప్రతి ఫొటో క్రింద అందలి విషయమును రెండు మాటలలో వ్రాసి ఉంచినచో, ముందువరుసలో కూర్చుండి ఉపన్యాసములు విను అంధుడగు చందాదారుడు ఇంటికి పోయి సంచికను సైతము వినగలడు.