ఆస్పరి గది, ఎమ్మిగనూరు మగ్గం, వేటపాలెం పుస్తకం: కలిసి పనిచేసే చోట్ల కథ

పోస్టు కొంచెం పొడవైంది. తీరిగ్గా చదవండి.

ఆస్పరిలో మన గది సంగతి మీలో చాలామందికి తెలుసు. మేడ మీద ఒకే ఒక గది. రెండు పొడుగు బల్లలు, ఎనిమిది కుర్చీలు, ఒక ఫ్యాను, ఒక పాత కంప్యూటర్, ఒక నెట్ కనెక్షన్. కరోనా టైములో హాస్టళ్ళు మూసేస్తే, తండాలో సిగ్నల్ అందక గుట్ట ఎక్కి క్లాసులు విన్న మన సీనియర్లు దీన్ని మొదలుపెట్టినారు. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకు, గ్రూప్స్‌కు చదివేవాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఒక అక్క డేటా ఎంట్రీ పని చేసుకుంటుంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలు వస్తారు.

నేను ఆదోనిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. మా ఇంట్లో బల్ల లేదు, నులకమంచమే. కాబట్టి పుస్తకం పెట్టుకుని కూర్చోవడానికి నాకు దొరికిన మొదటి బల్ల ఆ గదిలోదే.

ఆ గదికి ఇప్పుడు మూడు నెలల బాడుగ బాకీ ఉంది. సీనియర్లు ఉద్యోగాలకని బెంగళూరు, హైదరాబాదు పోయినారు. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఇంటాయన చెడ్డోడు కాదు, "నెలాఖరు దాకా చూస్తా" అన్నాడు. పోయిన ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటే ఒక అన్న, "ఇట్లాంటివి మనవాళ్ళ చేతుల్లో నిలబడవులేరా" అన్నాడు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనీలేదు. నిజమేనా అని వారం పది రోజులు లైబ్రరీలో దొరికింది దొరికినట్టు చదివినా. నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నా.

పేరు కొత్తది, కష్టం పాతది

ఇట్లాంటి గదిని పట్నాల్లో కోవర్కింగ్ స్పేస్ అంటారు. ఎవరి పని వాళ్ళదే, చోటు మాత్రం అందరిదీ. ఈ పేరుతో మొదటిది 2005 ఆగస్టులో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ పెట్టినాడు. సొంత ఆఫీసు కాదు, ఆడవాళ్ళ సంఘం ఒకటి నడిపే ఇంట్లో వారానికి రెండు రోజులు చోటు తీసుకున్నాడు. మొదటి నెల ఒక్క మనిషి రాలేదు. బల్లలు వేసి ఒక్కడే కూర్చునేవాడు. తర్వాత నలుగురికీ చెప్పి పిలుచుకుంటే ఒక్కొక్కరే వచ్చినారు. ఏడాదికి ఆ చోటు మూసి, ఇంకోచోట పెద్దది పెట్టుకున్నారు. అమెరికాలో డబ్బున్న ఊర్లో కూడా మొదటి గది కథ ఇదీ. మన గది ఇన్నేళ్ళు నడిచింది.

మన లదేనీ

ఇంక "మనవాళ్ళ చేతుల్లో నిలబడవు" అన్న మాట. మన సుగాలీల పాత బతుకుతెరువు ఏందో మా అవ్వ కథల్లో విన్నారా? లదేనీ. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగి అమ్మడం. ఒక తండా అంటే అప్పుడు ఇళ్ళ గుంపు కాదు, నడిచే ఊరు. వందల ఎద్దులు, చాలా కుటుంబాలు, ఒక నాయక్. ఏ దారిన పోవాల, ఎక్కడ దిగాల అన్నీ కలిసే. మొగలుల సైన్యానికి, దక్కన్ సుల్తానుల సైన్యానికి ధాన్యం మోసింది మనవాళ్ళే. టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయినప్పుడు ఇంగ్లీషువాళ్ళ సైన్యం కూడా బంజారాల ఎద్దుల మీదే ఆధారపడింది. ఇది ఒకటి రెండేళ్ళు కాదు, వందల ఏళ్ళు నిలబడింది.

పడిపోయింది ఎప్పుడు? రైలు వచ్చినాక. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలు దారి 1871లో పూర్తయింది. ఆస్పరి స్టేషన్, ఆదోని స్టేషన్ ఆ దారి మీదివే. అప్పుడు మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. గూడ్సు బండి ఒక్క రోజులో మోసేదాన్ని ఎద్దులు నెల తిరిగినా మోయలేవు. ఐకమత్యం లేక లదేనీ పోలేదు. సరుకు దారి మారిపోయి పోయింది. మనవాళ్ళకు కలిసి పనిచేయడం రాదనేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇరవై ఎనిమిది మంది, ఒక్కొక్క పౌండు

ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్ అని ఒక ఊరు. బట్ట మిల్లులొచ్చి నేతపనివాళ్ళ కూలి పడిపోయింది. కొట్లలో పిండిలో కల్తీ, తూకంలో మోసం. 1844లో 28 మంది, నేతగాళ్ళు, ఇంకా వేరే పనివాళ్ళు, తలా ఒక పౌండు వేసుకుని సొంత కొట్టు పెట్టినారు. ఆ పౌండు కూడా ఒకేసారి ఇవ్వలేక వారం వారం పెన్నీలు కట్టినారు. డిసెంబరు 21న కొట్టు తెరిస్తే లోపల పిండి, వెన్న, చక్కెర, ఓట్సు పిండి లాంటి నాలుగైదు సరుకులే.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి సంగతి. కొట్టు నిలదొక్కుకున్నాక వాళ్ళు పేపర్లు, పుస్తకాలు చదువుకునే గది పెట్టుకున్నారు. లాభంలో నూటికి రెండున్నర వంతు చదువుకే పోవాలని రూలు రాసుకున్నారు. ఎవరో దాత ఇచ్చిన గది కాదు. పిండి, చక్కెర అమ్మిన లాభంతో నడిచిన గది.

మన పక్కనే ఎమ్మిగనూరు

ఆ పద్ధతి మన దేశానికి 1904 సహకార చట్టంతో వచ్చింది. మొదట అప్పులిచ్చే సంఘాలకే. 1912 చట్టంతో వేరే పనుల సంఘాలకు కూడా దారి దొరికింది. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు ముందుండి చేనేతవాళ్ళ సహకార సంఘం పెట్టినారు. తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సంఘం ఎట్లా పనిచేస్తుందో చూడండి. అంతకుముందు నేసేవాడికి నూలు షావుకారు ఇవ్వాల, అడ్వాన్సు షావుకారు ఇవ్వాల. బట్టకు ధర కూడా షావుకారే చెప్పాల. సంఘంలో అయితే నూలు అందరికీ కలిపి కొంటారు, నేసిన బట్ట అందరిదీ కలిపి అమ్ముతారు. మగ్గం ఎవరిది వాళ్ళదే. మన గది లెక్కే, చదువు ఎవరిది వాళ్ళదే.

తర్వాత పవర్‌లూమ్ బట్ట వచ్చి, నూలు ధర పెరిగి, రాష్ట్రమంతా చేనేత సంఘాలు దెబ్బతిన్నాయి. అది కూడా చెప్పాల. సంఘం పెట్టినంత మాత్రాన బయట గాలివాన ఆగదు. కానీ ఒంటరిగా ఉన్నోడి మీద ఆ గాలివాన ముందే పడుతుంది.

చీరాలకు ఈ పక్క, ఆ పక్క

చదివినవాటన్నిట్లో నన్ను ఎక్కువ కదిలించింది ఇది. మ్యాపులో చీరాల చూడండి. చీరాలకు దక్షిణాన వేటపాలెం, ఉత్తరాన స్టూవర్టుపురం. రెండూ ఒకే రైలు దారి మీద స్టేషన్లు.

వేటపాలెంలో 1918లో ఊరి యువకులు సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టినారు. 1929లో దాని భవనానికి గాంధీ గారు పునాదిరాయి వేసినారు. నూరేళ్ళు దాటింది, ఇప్పటికీ ఉంది. ఎక్కడా దొరకని పాత పత్రికలు అక్కడ ఉంటాయని పరిశోధన చేసేవాళ్ళు దూరాల నుంచి వస్తారు. ఊరివాళ్ళు పాత పేపరును కూడా పారేయకుండా దాచిపెట్టినందుకు అది అంత గొప్పదైంది.

అదే కాలంలో, 1913–14లో, స్టూవర్టుపురంలో కూడా ఒక చోటు పెట్టినారు. ఊరివాళ్ళు కాదు, ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి పెట్టించింది. మన ఎరుకల కుటుంబాలను నేరస్థ జాతుల చట్టం కింద తెచ్చి అక్కడ పెట్టినారు. పొలం పని, చీరాల పొగాకు కంపెనీలో పని. హాజరు వేయించుకోవాల. బయటకు పోవాలంటే అనుమతి చీటీ ఉండాల. అది కూడా కలిసి పనిచేసే చోటే, కానీ తాళంచెవి మనవాళ్ళ దగ్గర లేదు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. పేరు మీద పడిన మచ్చ మాత్రం ఆ రోజుతో పోలేదని మన గ్రూపులో ఉన్న ఎరుకల తమ్ముళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఒకే కాలం, ఒకే రైలు దారి. ఒకచోట పిల్లలు ఇష్టపడి వచ్చి పేపరు చదివినారు. ఇంకోచోట పెద్దమనుషులు పిలుపుకు నిలబడి హాజరు పలికినారు. ఉమ్మడి చోటు అంటే మన ముసలోళ్ళు ఇప్పటికీ "ఎవరిది? ఎందుకు పిలుస్తున్నారు?" అని ఎందుకు అడుగుతారో ఇది చదివినాక నాకు అర్థమైంది. వాళ్ళకు నమ్మకం కలగాలంటే లెక్క కనబడాల, తాళం మన చేతిలో ఉండాల.

పుస్తకం పడవెక్కిన కాలం

వేటపాలెం ఒంటరిది కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి వాళ్ళు సభ పెట్టి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలుపెట్టినారు. దాన్ని చాలా ఏళ్ళు నడిపించిన పెద్ద మన కర్నూలులోనే పుట్టినాడు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. 1908లో పత్రికలో రాసినందుకు జైలుకు పోయినాయన. తర్వాత గ్రంథాలయాలకు, పెద్దవాళ్ళ చదువుకు పనిచేసినాడు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా పడవలో పుస్తకాలు పంపినాడు. జనం గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి పోయింది.

అట్లా చందాలతో నడిచిన పని చివరికి చట్టమైంది. మద్రాసు రాష్ట్రంలో 1948లో, మన రాష్ట్రంలో 1960లో గ్రంథాలయాల చట్టాలు వచ్చినాయి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే తండాలో ఇంటిపన్ను కట్టిన మన బా, మన యాడి కూడా ఆ పైసలు కట్టినారు. జిల్లా గ్రంథాలయ సంస్థ దగ్గరికి పోయి మా గదికి కూడా పుస్తకాలు, పేపర్లు కావాలని అర్జీ పెట్టడం బిచ్చం కాదు.

ఒక నిజం కూడా ఒప్పుకోవాల. ఆ రోజుల్లో గ్రంథాలయాలు నడిపినవాళ్ళు ఎక్కువమంది చదువుకున్నవాళ్ళు, కొంచెం కలిగినవాళ్ళు. మనకు అట్లాంటి దాతలు లేరు. మనకు సరిపోయేది రోచ్‌డేల్ దారి: చిన్న మొత్తం, ఎక్కువ చేతులు, తప్పకుండా.

ఇప్పుడు మన లెక్క

బాడుగ 3,000. నెట్, కరెంటు 1,200. నెలకు 4,200. రోజూ వచ్చేవాళ్ళు 21 మంది తలా 100 వేస్తే 2,100. ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు 42 మంది తలా 50 వేస్తే ఇంకో 2,100. సరిగ్గా సరిపోతుంది. ఒక్కడే ఐదు వేలు వేసి నాలుగో నెల మానేస్తే గది మళ్ళీ ఇదే గతికి వస్తుంది. ఇప్పుడు జరిగింది అదే. ముగ్గురు సీనియర్ల మీదే మొత్తం బరువు పెట్టినాం. వాళ్ళు పోగానే కుంగింది. తప్పు వాళ్ళది కాదు, మనది.

నేను అడుగుతున్నవి ఇవి.

ఒకటి, పాత బాకీ 9,000 సీనియర్లు ఈ ఒక్కసారికి పంచుకోండి. తర్వాత నెలకు 50 మించి అడగం.

రెండు, లెక్క ప్రతి నెలా గోడ మీద అంటిస్తాం. ఎవరు ఇచ్చినారు, దేనికి పోయింది, అంతా.

మూడు, తాళంచెవులు రెండు. ఒకటి కచ్చితంగా ఒక చెల్లెలి దగ్గర ఉండాల. పోయినేడు ఆడపిల్లలు రాకుండా పోయింది చదువు ఇష్టంలేక కాదు, గది సాయంత్రమే తెరిచినందుకు. పొద్దున కూడా తెరుద్దాం.

నాలుగు, సుగ్గి. సంక్రాంతి ముందునుంచి ఉగాది దాకా మన ఇళ్ళల్లో సగం తాళాలు పడి ఉంటాయి. అమ్మానాన్నలు గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోయినారంటే, ఆ పిల్లల దగ్గర ఆ నెలల్లో చందా అడగొద్దు. తిరిగొచ్చినాక ఇస్తారు. నేను కూడా ఇంటర్ సెలవుల్లో కోతకు పోయినోడినే. చేతిలో డబ్బు ఎప్పుడుంటుందో నాకు తెలుసు.

ఐదు, గదిలో కూర్చుని సంపాదించేవాళ్ళు నూటికి రెండున్నర గదికి వేయండి. డేటా ఎంట్రీ అక్కను అడిగితే నవ్వి, "మూడు రాసుకో తమ్ముడూ" అంది.

"నిలబడవు" అన్న అన్న మీద నాకు కోపం లేదు. ఆయన పది చోట్ల చూసి అలసిపోయినాడు. ఆయన్ను కూడా వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు గదికి రమ్మని పిలిచినా. వస్తానన్నాడు. మీలో ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఉన్నవాళ్ళు వీలైతే రండి. కుర్చీలు ఎనిమిదే, కాబట్టి చాపలు కూడా వేస్తాం. రాసిందాంట్లో తప్పులుంటే పెద్దవాళ్ళు సరిదిద్దండి.