రన్ డైరెక్టరీ పూర్వాపరములు

యంత్రము నడచుచున్నంతసేపే ప్రయోజనమిచ్చి, అది ఆగినతోడనే అర్థము కోల్పోవు సమాచారము, అనగా నడచుచున్న సర్వీసుయొక్క ప్రాసెస్ సంఖ్య, దానితో ఇతర ప్రోగ్రాములు మాటలాడు సాకెట్టు మొదలగునవి, ఎచ్చట నుండవలెనను ప్రశ్న ప్రాచీనమైనది. పూర్వపు బర్క్‌లీ యునిక్సులో ప్రాసెస్ సంఖ్యల ఫైళ్లు /ఈటీసీలో, శాశ్వతములైన అమరికల ఫైళ్ల నడుమనే యుండెడివి. 1994 ఫిబ్రవరిలో వెలువడిన లినక్సు ఫైల్‌సిస్టమ్ ప్రమాణము ఇట్టివానికి /వార్/రన్ అను వేఱుచోటు చూపెను. కాని అది డిస్కుపై నుండుటచే, హఠాత్తుగా ఆగిన యంత్రమున నిన్నటి సంఖ్యలు నేటికిని మిగిలి సర్వీసులను భ్రమింపజేయుచుండెను. /వార్ ఆలస్యముగా మౌంటగు యంత్రములలో, బూటు తొలిక్షణములందే పనిచేయవలసిన, పరికరములను నిర్వహించు యూడెవ్ వంటివి /డెవ్‌లో రహస్యముగా తలదాచుకొనవలసి వచ్చెను. 2011లో ఫెడోరా 15 ఈ చిక్కును విప్పి, బూటు మొదటనే జ్ఞాపకమున నేర్పడు /రన్‌ను ప్రవేశపెట్టెను. 2013లో డెబియన్ 7 దాని ననుసరించెను. 2015లో ప్రమాణముయొక్క 3.0 కూర్పు దాని నంగీకరించెను.

ఇచ్చట ప్యాకేజీలు కట్టువారికి క్రొత్త చిక్కు కలిగెను. స్థాపించునపుడు ఒక్కసారి సృష్టించిన డైరెక్టరీ మఱుసటి బూటునకు అంతరించును గనుక, స్థాపించిన దినమున నిర్దోషముగా నడచిన సర్వీసు, యంత్రము పునఃప్రారంభమైనపుడు లేవదు. పరీక్షించినవాని కంటబడక, వాడుకొనువానిని బాధించు దోషమిది. ప్రతి స్క్రిప్టును తనకు తోచినట్లు డైరెక్టరీని సృష్టించి యాజమాన్యము మార్చుట తాత్కాలికోపాయమే. టీఎంపీఫైల్స్.డీ పద్ధతిలో మార్గము, అనుమతులు, యజమాని, సమూహము ఒక్క పంక్తిలో ప్రకటించిన చాలును. సృష్టించు భారము, సర్వీసులను నడపు సిస్టమ్‌డీది. 2014లో దాని 211వ కూర్పు రన్‌టైమ్‌డైరెక్టరీ అను అమరికను చేర్చెను. సర్వీసు మొదలగునపుడు ఆ సర్వీసు వాడుకరి పేరనే డైరెక్టరీ పుట్టును, ఆగునపుడు తొలగును. ఒక్క సర్వీసుకే చెందిన డైరెక్టరీకి ఇంతకంటె మేలైన మార్గము లేదని నా దృఢాభిప్రాయము. పలువురు పంచుకొనునది, సర్వీసుకంటె ముందే కావలసినది అయినచో టీఎంపీఫైల్స్.డీ పద్ధతియే శరణ్యము. బూటు తరువాత తాము ఏర్పాటు చేయని డైరెక్టరీ /రన్‌లో నున్నదని ప్యాకేజీలు భావింపరాదని డెబియన్ విధానగ్రంథము శాసించుచున్నది.

ఈ జాగ్రత్త మన ప్రాంతమునకు మఱింత అవసరము. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిగ్‌జాం వంటి తుపానుల దారిలో నున్నవి మన తెనాలి, బాపట్ల, రేపల్లెలు. ఇట్టిచోట విద్యుత్తు పోయి మరల వచ్చుట అరుదు గాదు. వచ్చినపుడు సర్వీసులు మనుష్యసహాయము లేక తమంత లేవవలెను. 1981లో స్థాపితమైన బాపట్ల ఇంజనీరింగు కళాశాల వంటి విద్యాలయములలో ప్యాకేజీలు కట్ట నేర్చు యువకులారా, యువతులారా, /రన్ లోని డైరెక్టరీని ప్యాకేజీలో మూటగట్టకుడు. ప్రకటించి, యంత్రమును ఒక్కమాఱు పునఃప్రారంభించి చూచి, పిమ్మటనే విడుదల చేయుడు.