ఆయిల్ లైటు వెలిగిందా? ముందు బండి ఆపండి: పాత బండ్లలో లోపం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి

ముదిగుబ్బ: అనంతపురం నుంచి కదిరి వెళ్లే 42వ నంబర్ జాతీయ రహదారి మీద ముదిగుబ్బ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో భాగం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే కరువు నేల ఇది. శనగకాయ పంట చేతికి రాని ఏడాది బాడుగ బండే ఇల్లు నడపాలి. అందుకే ఇక్కడ పదిహేనేళ్లు దాటిన జీపులు, మినీ లారీలు, ట్రాక్టర్లు ఇంకా పనిలోనే ఉన్నాయి. అలాంటి బండిలో ఉన్నట్టుండి ఎర్రగా ఆయిల్ లైటు వెలిగితే డ్రైవర్లు రెండు రకాల పొరపాట్లు చేస్తుంటారు. కొందరు 'ఊరు చేరాక చూద్దాంలే' అని తోలేస్తారు. ఇంకొందరు పరీక్ష చేయించకుండానే ఇంజన్ విప్పించేస్తారు. మొదటిదాంతో ఇంజన్ పోతుంది, రెండోదాంతో డబ్బు పోతుంది.

ఆ లైటు చెప్పేదేమిటి?

ముక్కున్న నూనె డబ్బా, దాని చివర చుక్క. ఈ గుర్తు చాలా పాత బండ్లలో ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. క్రాంక్‌కూ బేరింగులకూ మధ్య వెంట్రుక మందమంత సందు ఉంటుంది. పంపు తోసే ఆయిల్ ఆ సందులో పొరలా నిలబడి ఇనుముకు ఇనుము తగలకుండా కాపాడుతుంది. చాలా బండ్లలో ప్రెషర్ సుమారు 4 నుంచి 7 పీఎస్ఐకి పడిపోయాకే లైటు వెలుగుతుంది. అంటే అది ముందస్తు హెచ్చరిక కాదు, ఆఖరి హెచ్చరిక.

రోడ్డు మీద చేయాల్సింది

బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. కింది నుంచి టకటకా కొట్టుకునే శబ్దం వచ్చి ఉంటే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తాడు కట్టి లాక్కెళ్లడమే మేలు.

శబ్దం లేకపోతే బండిని చదునైన చోట ఉంచి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడాలి.

* ఆయిల్ తక్కువగా ఉంటే అదే గ్రేడు ఆయిల్ గుర్తు దాకా పోసి స్టార్ట్ చేయాలి. నాలుగైదు సెకన్లలో లైటు ఆరకపోతే ఇంజన్ ఆపేయాలి. ఆరినా పని అయిపోయినట్టు కాదు, ఆయిల్ కారుతోందా, పొగలో కాలిపోతోందా అనేది తేలాలి.
* గుర్తుకంటే ఎక్కువగా ఉండి, పలచగా, డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం.
* టీ రంగులో నురగలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి. ఈ రెండు సందర్భాల్లోనూ బండి తోలకూడదు.
* బండి కింద కూడా వంగి చూడాలి. రాయి తగిలి ఆయిల్ చాంబర్ లోపలికి నొక్కుకుపోతే, ఆయిల్ పీల్చే గొట్టం మూతికి అది అడ్డం పడుతుంది. అప్పుడు ఆయిల్ నిండుగా ఉన్నా ప్రెషర్ రాదు.

లోపం లైటుదా, ఇంజన్‌దా?

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే లైటు వెలగాలి. అలా వెలుగుతుండగా ప్రెషర్ స్విచ్ వైరు పీకితే ఆరిపోవాలి. ఒకే వైరు ఉండే పాత స్విచ్‌లకు ఈ పరీక్ష సరిపోతుంది. పీకినా వెలుగుతూనే ఉంటే ఆ వైరు ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతోంది. అయితే వైరు పీకగానే లైటు ఆరినంత మాత్రాన స్విచ్ చెడిపోయిందని అనుకోకూడదు, ప్రెషర్ నిజంగానే లేకపోయినా అలాగే ఆరుతుంది.

తేల్చేది గేజ్ ఒక్కటే. మెకానిక్ ఆ స్విచ్ విప్పి, దాని స్థానంలో ప్రెషర్ గేజ్ బిగించి, వేడెక్కిన ఇంజన్‌లో చూడాలి. ఉస్తాద్‌లు పాటించే మోటు లెక్క ప్రకారం ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉండాలి. బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. గేజ్‌లో ప్రెషర్ సరిగ్గా ఉంటే లోపం స్విచ్‌లోనో, వైరులోనో ఉన్నట్టే. స్విచ్ మారిస్తే సరిపోతుంది, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు.

ప్రెషర్ నిజంగానే తక్కువైతే

లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనిస్తే కారణం దగ్గరపడుతుంది.

* పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు వెలిగి ఆరితే: ఫిల్టర్‌లో ఆయిల్ నిలవడం లేదు. నాసిరకం ఫిల్టర్లతో ఇది మామూలే.
* మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో మినుకుమంటే: ఆయిల్ తక్కువగా ఉంది.
* ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో మాత్రమే వెలిగితే: ఆయిల్ పలచబడింది, లేదా బేరింగులు అరిగి సందులు పెరిగాయి.
* ఏ వేగంలోనైనా వెలుగుతుంటే: చాంబర్‌లోని జాలీకి మడ్డి పట్టి ఉండొచ్చు, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, లేదా పంపు అరిగిపోయి ఉండొచ్చు.

పని కూడా తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకు వెళ్లాలి. ముందు ఆయిల్, ఫిల్టర్, తర్వాత చాంబర్ దించి జాలీ, వాల్వ్, పంపు, చివరికి బేరింగులు. క్రాంక్ పని చివరి మాట కావాలి. గేజ్ రీడింగు యజమాని కళ్లతో చూడకుండా ఇంజన్ విప్పడానికి ఒప్పుకోకూడదు. చిక్కటి ఆయిల్ పోస్తే లైటు కొన్నాళ్లు ఆరుతుందేమో గానీ, అరిగిన బేరింగు మళ్లీ పెరగదు.

పాత బండి కొనేవారు ఇది చూడాలి

ఎప్పుడూ వెలుగుతోందని విసుగొచ్చి ఆ లైటు వైరునే పీకేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి బండిని చూస్తే ఏ లోపమూ లేనట్టే కనిపిస్తుంది. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందు తాళం తిప్పి చూడండి. స్టార్ట్ కాకముందు ఆయిల్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. మొదట్లోనే వెలగకపోతే బల్బో, వైరో, స్విచ్చో చెడిపోయి ఉండాలి, లేదా ఎవరో కావాలనే తీసేసి ఉండాలి. ఏదైనా సరే, గేజ్ పెట్టి చూశాకే డబ్బులు ఇవ్వాలి.