రాయవేలూరు, గుడియాత్తము సీమలో మద్యవ్యవహార చరిత్ర

రాయవేలూరనగానే తెలుగువారికి చినబొమ్మినాయకుని నాటి దుర్గమును, జలకంఠేశ్వరాలయమును, 1806 జూలై 10వ తేదీ నాటి సిపాయిల తిరుగుబాటును జ్ఞప్తికి వచ్చును. గుడియాత్తమనగానే మగ్గముల చప్పుడును, కౌండిన్యానదీ తీరమున జరుగు గంగమ్మ శిరస్సు ఉత్సవమును స్ఫురించును. ఈ రెండు పట్టణముల చుట్టును నిలిచిన తాటితోపులకు గూడ ఒక చరిత్ర కలదు. అది రాజుల చరిత్ర కాదు. కల్లు గీయువాడు, అంగడి పాడుకొనువాడు, త్రాగువాడు, త్రాగువాని ఇల్లాలు, వీరందరి చేతులమీదుగా బొక్కసము నింపుకొన్న ప్రభుత్వము, ఇదియే ఆ చరిత్రలోని పాత్రల వరుస.

ఐరోపా దేశములలో ద్రాక్షతోటలకు పోయి ఆసవము దించు నేలమాళిగలను చూచుటయు, రసజ్ఞులు సంఘములుగా గూడి ఒక్కొక్క గుటక రుచి చూచి తారతమ్యము చెప్పుటయు గౌరవమైన వినోదములు. ఫ్రాన్సు దేశమున బోర్డో సీమ ద్రాక్షాసవములకు 1855లో తరగతులు నిర్ణయించిరి. ఆ పట్టిక స్వల్పమైన మార్పులతో నేటికిని చెల్లుచున్నది. మన సీమలో ద్రాక్షతోటకు బదులు తాటితోపు కలదు. రుచి తెలిసినవారును లేకపోలేదు. కాని అక్కడ రసజ్ఞత తరగతుల పట్టికగా పరిణమింపగా, ఇక్కడ చెట్టుపై వ్రాసిన అంకె పన్నుల పట్టికకు మాత్రమే ఎక్కెను. ఈ భేదము ఎట్లు కలిగెనో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలసియున్నది.

ప్రాచీన సంప్రదాయము

మద్యమును రాజ్యము తన అదుపులో నుంచుకొనుట ఆంగ్లేయులు తెచ్చిన ఆచారము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందు సురాధ్యక్షుని విధులు చెప్పబడినవి. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయములు అక్కడ వింగడింపబడినవి. వీనిలో ద్రాక్షరసమునుండి పుట్టినది మధువు. కాపిశాయనము, హారహూరకము అని దానికి పుట్టిన దేశములనుబట్టి పేర్లు కలిగెను. పుట్టిన నేలనుబట్టి ఆసవమునకు పేరుపెట్టు పద్ధతి ఫ్రెంచివారికి చాల పూర్వమే మనవారెరిగినదని దీనివలన తేలుచున్నది.

పానశాలకు పెక్కు గదులుండవలెననియు, వేర్వేరు శయ్యలును ఆసనములును, గంధమాల్యములును, నీరును, ఋతువునకు తగిన సుఖములును అమర్పవలెననియు ఆ గ్రంథము శాసించుచున్నది. అచ్చటికి వచ్చువారు తమ తాహతుకు మించి వ్యయము చేయుదురేమో కనిపెట్టుటకు గూఢచారులను నియమింపవలెననియు చెప్పుచున్నది. ఉత్సవములందును, జనసమాజములందును, యాత్రలందును నాలుగు దినములు మద్యము చేసికొనుటకు అనుమతి కలదు. అనగా త్రాగుట తప్పా, ఒప్పా అను విచారణకంటె, ఎవరు, ఎక్కడ, ఎంత, ఎవరికి చెల్లించి త్రాగవలెనను విచారణయే ఆనాటి ప్రభుత్వమునకు ముఖ్యమైయుండెను. రెండువేల యేండ్ల తరువాత చెన్నపురి రాజధానిలోని రెవెన్యూ అధికారులకును ఇదియే ముఖ్యమాయెను.

కల్లు, దాని గుణములు

తాటిచెట్టునకును, కొబ్బరిచెట్టునకును గెలను కోసి రసము దించుదురు. ఈతచెట్టునకు మట్టలక్రింద మానును చెక్కి దించుదురు. తాటికల్లునకు ఎండకాలమును, ఈతకల్లునకు చలికాలమును అదను. కొబ్బరిచెట్టు ఏడాది పొడుగునను ఇచ్చును. పోతుతాడు పూగెలనుండియు, పెంటితాడు కాయగెలనుండియు రసము వచ్చును. ఈ రెంటి రుచులలో తేడాను ఎరిగినవారు నాలుకపై బొట్టు పడగానే చెప్పగలరు.

గీతగాని పని కడు కష్టమైనది. మోకు నడుమునకు బిగించి, గీతకత్తిని మొలలో దోపుకొని, ఉదయము సాయంకాలము చెట్టెక్కి గెల చివరను పలుచగా చెక్కవలెను. కత్తి లోతుగా పడినచో గెల చెడును. పైపైన పడినచో రసము రాదు. లొట్టిలో పడిన క్షణమునుండి రసము పులియ నారంభించును. గాలిలోని సూక్ష్మజీవులును, పాతలొట్టి గోడలనంటుకొన్న మడ్డియు అందులోని చక్కెరను మద్యసారముగా మార్చును. కొన్ని గంటలలో మత్తు కలుగజేయునంతటి గుణము దానికి వచ్చును. మరునాటికి పులుపు హెచ్చును, పిమ్మట అది పుల్లని కాడియగును. కనుక ద్రాక్షాసవమువలె దానిని దాచి పండించుటకు వీలులేదు. దాని వయస్సు సంవత్సరములతో గాక గంటలతో లెక్కింపవలసినది. తోపునకు దూరమైన వానికి మంచి కల్లు దొరకకపోవుటకు ఇదియే కారణము.

లొట్టిలోపల సున్నము పూసినచో రసము పులియదు. అది తియ్యని పదనీరు. దానిని కాచి తాటిబెల్లము వండుదురు. ఒకే చెట్టు, ఒకే కత్తి, ఒకే చేయి. ఒక పిడికెడు సున్నము చేర్చినచో బెల్లము, చేర్చనిచో మత్తు. చట్టము తరువాతి కాలమున ఈ పిడికెడు సున్నముపైననే నిలువవలసివచ్చెను.

ఆబ్కారి

కుంఫిణీవారి కాలమున జిల్లాలలో కల్లు సారాయిల హక్కును గుత్తకిచ్చెడి వాడుక యుండెను. ఎక్కువ పాడినవాడు గుత్తదారు. ఈ వ్యవహారమునకు 1820లో ఒక రెగ్యులేషనును, 1864లో ఒక చట్టమును, తుదకు 1886లో మదరాసు ఆబ్కారి చట్టమును ఏర్పడినవి. ఈ కడపటి చట్టముతో ప్రభుత్వపు పట్టు బిగిసెను. గీయదలచిన ప్రతి చెట్టునకును పన్ను చెల్లించి అనుమతి పొందవలెను. చెట్టుపై అంకె వేయుదురు. అంకె లేని చెట్టును గీచుట నేరము. కల్లంగడులను ఏటేట వేలము వేయుదురు.

దీని ఫలితమేమి? పూర్వము గీతగాడు తాను దించిన కల్లును తానే తన ఊరివారికి పోసెడివాడు. ధాన్యమునకు మారుగా గూడ ఇచ్చెడివాడు. చెట్టుపన్ను నగదుగా చెల్లింపవలసివచ్చుటచేతను, అంగడి వేలములో డబ్బుగలవాడే గెలుచుటచేతను, గీతగాడు క్రమముగా కూలివాడాయెను. వేలములో పెట్టిన సొమ్మును రాబట్టుటకు అంగడిదారు అమ్మకమును పెంపవలెను. పెంచుటకు అప్పు పోయుట ఒక మార్గము, నీరు కలుపుట మరియొక మార్గము. రుచి చూచి మెచ్చుకొను పండుగనాటి పానము, దినకూలి చేతబడిన సాయంకాలపు పానముగా మారుటకు ఈ పద్ధతి చాలవరకు తోడ్పడెను.

సారాయి కథ మరియొక తీరు. ఈ సీమలో బెల్లమును, తెల్లతుమ్మ బెరడును ఊరవేసి బట్టీపెట్టు వాడుక ప్రాతది. అరవమున దానికి పట్టచారాయమను పేరు ఈ బెరడునుబట్టి వచ్చినదే. ఆబ్కారి బలపడినకొలది ఊరిబట్టీలు నిషిద్ధములై పెద్ద కర్మాగారముల సారాయి అంగడులకు చేరెను. దక్షిణార్కాటులోని నెల్లికుప్పమున పారీ కంపెనీవారి చక్కెర, సారాయి పరిశ్రమ ఇట్టివానిలో ప్రసిద్ధము. దుర్గములోని దొరల సైన్యమునకు సారాయి దినబత్తెములోని భాగముగానే యుండెను. ఒకే సీమలో దొరకు సీసా, రైతుకు లొట్టి, కూలికి పావు. ఈ మూటిపైనను పన్ను ప్రభుత్వమునకే. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో భూమిశిస్తు తరువాత చెన్నపురి ప్రభుత్వమునకు పెద్ద రాబడి ఆబ్కారియే.

మద్యనిషేధము

సహాయనిరాకరణోద్యమ కాలమున కల్లంగడులయెదుట సత్యాగ్రహులు నిలిచి త్రాగువారిని వారించుట మొదలాయెను. ఆ యుద్యమమున శిక్షపడిన చక్రవర్తి రాజగోపాలాచార్యులవారు 1921 డిసెంబరు మొదలు 1922 మార్చి వరకు వేలూరు కారాగారముననే యుండి దినచర్య వ్రాసిరి. తరువాత తిరుచెంగోడు ఆశ్రమమునుండి మద్యపాన నిర్మూలనకే అంకితముగా 1929లో విమోచనమను తమిళ పత్రికను నడపిరి. 1937లో ఆయన ప్రధానమంత్రి కాగానే మద్యనిషేధ చట్టము వచ్చెను.

ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలోను, 1938 అక్టోబరు 1వ తేదీన చిత్తూరు, కడప జిల్లాలలోను, 1939 అక్టోబరు 1వ తేదీన ఉత్తరార్కాటు జిల్లాలోను నిషేధము అమలాయెను. వేలూరు, గుడియాత్తము ఈ కడపటి జిల్లాలోనివి. నాలుగు జిల్లాలును ఒకదానినొకటి ఆనుకొనియుండుట గమనింపదగినది. నిషేధము గల సీమ చుట్టును నిషేధము లేని సీమ యున్నచో చట్టము జల్లెడయగునని వేరుగ చెప్పనక్కరలేదు. ఈ నాలుగు జిల్లాలలోను తెలుగు వినబడును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలో నుండెడివి. కనుక ఈ ప్రయోగమునకు పాత్రులైనవారిలో తెలుగువారు తక్కువవారు కారు.

పోయిన రాబడిని పూరించుటకు 1939లో అమ్మకపుపన్ను చట్టము చేయబడెను. మదరాసులో మొదలైన ఈ సామాన్య అమ్మకపుపన్ను క్రమముగా దేశమంతటను వ్యాపించెను. నేడు మద్యమెరుగని గృహిణి చెల్లించు అమ్మకపుపన్నుల పరంపరకు మూలములలో ఒకటి ఆ తాటితోపులోనే కలదు.

ఉత్తరార్కాటున నిషేధము వచ్చిన నెలలోనే యుద్ధవిషయమై కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసెను. సలహాదారుల పాలనలో, యుద్ధము సాగుచుండగనే, నిషేధమును నిలిపివేసిరి. 1946లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము దానిని కొన్ని జిల్లాలలో పునరుద్ధరించెను. ఓమందూరు రామస్వామి రెడ్డియారు ముఖ్యమంత్రిగా నుండగా 1948 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, రాష్ట్రమంతటికి విస్తరించెను.

సరిహద్దున ఒక సంవత్సరము

1954వ సంవత్సరము ఈ చరిత్రలో చిత్రమైనది. ఆ యేడు కామరాజు నాడారు చెన్నపురి ముఖ్యమంత్రియై, శాసనసభా సభ్యత్వమునకై గుడియాత్తమునుండి ఉపయెన్నికలో నిలిచి గెలిచిరి. ఆయన పాలనలో నిషేధము చెక్కుచెదరలేదు. గుడియాత్తమునకు ఉత్తరముననున్న కొండలు దాటినచో ఆంధ్రరాష్ట్రము. అక్కడ అదే సంవత్సరము నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటుతో పడిపోయెను. నిషేధమును సమీక్షించిన రామమూర్తి సంఘపు సూచనలు ఆ వివాదమునకు కేంద్రము. ఒకనాడు ఒకే జిల్లాగా నుండిన నేలలో, కొండ కీవల నిషేధము ముఖ్యమంత్రి పీఠముతోపాటు నిలిచెను, కొండ కావల ముఖ్యమంత్రి పీఠమునే పడగొట్టెను.

పిమ్మట రెండు ప్రక్కలను చట్టము మారుచునే యున్నది. తమిళనాట 1971 ఆగస్టు 30న నిషేధము నిలుపబడెను. 1973లో కల్లంగడులును, 1974లో సారాయి అంగడులును మూయబడెను. 1981లో మరల తెరచిరి. 1983లో ప్రభుత్వ మద్య విక్రయ సంస్థ పుట్టెను. 1987 నుండి కల్లు నిషిద్ధమైయున్నది. 2003లో సీసామద్యపు చిల్లర అమ్మకము సహితము ప్రభుత్వ సంస్థకే చేరెను. ఆంధ్రదేశమున 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించి ఉద్యమము లేపిరి. దానివలన 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ నిషేధమును వచ్చెను. 1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడెను.

ఉపసంహారము

ఈ వృత్తాంతమునుండి రెండు నిజములు తేలుచున్నవి. నిషేధమువలన పేదయింట పొయ్యి వెలిగినదనుట మొదటి నిజము. దూబగుంట స్త్రీల సాక్ష్యము ముందర దానిని కాదనుట ఎవరి తరమును కాదు. చట్టము మారిన ప్రతిసారియు బొక్కసమునకు మారుమార్గము దొరకినదిగాని గీతగానికి దొరకలేదనుట రెండవ నిజము. ప్రభుత్వమునకు అమ్మకపుపన్ను దొరకెను. త్రాగువానికి సీసా దొరకెను. గీతగానికి పదనీటి అనుమతిని, బెల్లపు సహకారసంఘమును చూపిరి. కాని బెల్లము వండుటకు కట్టెలు కావలెను, చక్కెరమిల్లుతో పోటీపడవలెను. సున్నము చాలలేదని అనుమానించిన అధికారికి సమాధానము చెప్పవలెను.

తాటిచెట్టు 1978లో తమిళనాటికి రాష్ట్రవృక్షమాయెను. దాని ఆకును, కాయను, బెల్లమును మెచ్చుకొనుటకు ఎవరికిని అడ్డులేదు. ఆ చెట్టునెక్కి దిగిన నేర్పునకు మాత్రము స్థానము లేకపోయెను. బోర్డోలో ద్రాక్షతోట రైతు పేరు సీసాపై నిలిచినది. రాయవేలూరు సీమలో గీతగాని పేరు ఏ చిట్టాకును ఎక్కలేదు. ప్రాత చెట్ల మానులపై వేసిన అంకె ఒక్కటియే అతని జ్ఞాపకము. అదియును పన్నుకొరకు వేసినదే. తోపులు కొట్టివేయబడుచున్న ఈ కాలమున, కత్తిపట్టిన చేతుల నేర్పును, వారి మాటలను, పనిముట్ల పేర్లను తెలిసిన పెద్దలుండగనే వ్రాసియుంచుట ఈ సీమ తెలుగువారి విధులలో నొకటి.