గంజాం కోటకు ఒక రోజు

బరంపురంలో పిల్లలకు సెలవులొస్తే మనం గోపాల్‌పూర్ తీసుకెళ్తాం, తారాతారిణి కొండెక్కిస్తాం, చిలికలో పడవెక్కిస్తాం. గంజాం ఊరికి మాత్రం ఎవరం వెళ్లం. జిల్లాకు పేరిచ్చిన ఊరది. ఇక్కడికి 30 కిలోమీటర్ల చిల్లర. ఛత్రపురం దాటాక బస్సు దాని పక్కనుంచే పోతుంది. కిటికీలోంచి రుషికుల్య వంతెన చూసి మళ్లీ ఫోనులోకి తలదించేస్తాం. నేనూ అరవై ఏళ్లు అలాగే దాటిపోయాను.

మొన్న సూరత్ నుంచి మా తమ్ముడి కొడుకు సెలవు మీద వచ్చాడు. అక్కడ పవర్‌లూమ్ నడుపుతాడు. పొద్దున్నే బయల్దేరదాం రమ్మంటే, "పెదనాన్నా, తెల్లోళ్ల కోట చూసి మనకేం పని?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం వెళ్లాం.

కోటను అక్కడ పొటాగఢ్ అంటారు. రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే ఉంది. మన రాజుల కోటల్లా చదరంగా ఉండదు, నక్షత్రం ఆకారంలో ఉంటుంది. చుట్టూ అగడ్త, మూలమూలకీ బాణం మొనలా ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు. ఒక మొన మీద నిలబడ్డ ఫిరంగి పక్క గోడను ఆసాంతం కాపలా కాస్తుంది, శత్రువు నక్కడానికి మూల అంటూ మిగలదు. ఫిరంగులు వచ్చాక ఇటలీలో పుట్టిన పద్ధతి ఇది. యూరప్‌లో ఇలాంటి గోడల మధ్య ఉన్న పాత ఊళ్లను టిక్కెట్టు కొని మరీ చూస్తారు. మావాడు గోడ మీద నిలబడి, "మన ఫొడా కుంభలా ఉంది కదా" అన్నాడు. నిజమే. బరంపురం పట్టు అంచు మీద గుడి గోపురాల్లా వరసగా లేచే ఆ మొనలే గుర్తొచ్చాయి. నేతవాడి కన్ను ఎక్కడికెళ్లినా అంచే చూస్తుంది.

ఇక చరిత్ర. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి వారికిచ్చాడు. గంజాం అప్పుడు చికాకోలు, అంటే శ్రీకాకుళం సర్కారులో ఉండేది. బుస్సీ ఈ వైపు వచ్చాడు. అయిదేళ్లు తిరిగేసరికి చందుర్తి యుద్ధంలో, ఆ తర్వాత మచిలీపట్నంలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, దాంతో సర్కారులు ఇంగ్లీషు కంపెనీవయ్యాయి. కాగితం మీద అయ్యాయి గానీ ఇక్కడి జమీందార్లు ఊరుకోలేదు. పర్లాకిమిడి నారాయణదేవ్ ఎదురు తిరిగితే 1768లో జల్మూరు దగ్గర కంపెనీ సేన ఓడించింది. అదే ఏడాది గంజాంలో కంపెనీ రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫోర్డ్ ఈ కోట మొదలుపెట్టాడు.

ఇదంతా మనకెందుకంటే, ఆ రోజుల్లో "ఫ్యాక్టరీ" అంటే యంత్రాలున్న చోటు కాదు. అది సరుకు కొని, లెక్కరాసి, ఓడ వచ్చేదాకా దాచే కొఠీ. ఉత్తర సర్కారుల్లో కంపెనీ ఎగబడి కొన్న సరుకు నూలు గుడ్డ. మన బరంపురం పట్టు ఆ ఖాతాలోది కాదు, అది గుడికీ పెళ్లికీ నేసింది. చికాకోలు నుంచి గోదావరి దాకా నూలు నేసినవాళ్లే దొరల బేరానికి చిక్కారు. ఆ గుడ్డను ఏ లెక్కన కొన్నారో తెలుసా? పుంజం లెక్కన. పడుగులో 120 పోగులైతే ఒక పుంజం. 14 పుంజాలంటే 1,680 పోగులు, 36 పుంజాలంటే 4,320. అదే పన్నాలో పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నబడుతుంది. లండన్ వాళ్ల ఖాతాల్లో మన తెలుగు మాట అలాగే ఎక్కింది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరైతే "మదపొల్లం" అనే గుడ్డ పేరై సముద్రాలు దాటిపోయింది.

పేరు పోయింది గానీ లాభం నేతగాడికి రాలేదు. కంపెనీ ముందుగా బయానా ఇచ్చేది. బయానా పుచ్చుకున్నవాడు ఇంకెవరికీ నెయ్యకూడదు. నాసిరకమని తిప్పికొడితే ఆ నష్టం వాడిదే, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. దొరల్ని తిట్టడం తేలికే. అయితే మా నాన్న కూడా బయానా కిందే బతికాడు. ఇచ్చింది తెల్లవాడు కాదు, మన వీధిలోని మనవాడే. పట్టు నూలు అతనిచ్చేవాడు, మజూరీ అతనే కట్టేవాడు, పాత బాకీ అందులోంచి విరిచేవాడు. వార్షిక సంచికలో రాయదగ్గ సంగతి కాదని కొందరంటారు. రాయకపోతే మన పిల్లలు సూరత్ ఎందుకెళ్లారో అర్థం కాదు.

గంజాం ఆ రోజుల్లో జిల్లా రాజధాని. గంజ్-ఎ-ఆమ్, అంటే లోకానికంతా ధాన్యపు కొట్టు, అన్న మాట నుంచి ఆ పేరొచ్చిందంటారు. ఇక్కడి అధికారి స్నాడ్‌గ్రాస్ చిలిక ఒడ్డున రంభలో పెద్ద మేడ కట్టించుకున్నాడు. ఉద్యోగం ఊడాక లండన్‌లో కంపెనీ ఆఫీసు ముందు చీపురు పట్టి వీధి ఊడ్చి, పరువు తీసి మరీ పింఛను రాబట్టుకున్నాడని కథ. నిజమెంతో గానీ బాగుంటుంది.

1815లో ఊరి మీద విషజ్వరం పడింది. దొరలనీ మనవాళ్లనీ చూడకుండా తీసుకుపోయింది. కచేరీ ఊరు విడిచింది. ఇప్పుడది ఛత్రపురంలో ఉంది. ఓడలు తర్వాత తర్వాత గోపాల్‌పూర్ పట్టాయి. 1813లోనే కంపెనీకి ఇండియా వ్యాపారం మీద గుత్త పోయింది, ఆపైన ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చిపడింది. కోట మిగిలింది, కొనేవాడు మిగల్లేదు.

బరంపురం మాత్రం పెరిగింది. మహురి రాజు పిలిస్తే మన దేవాంగుల పెద్దలు దక్షిణం నుంచి మగ్గాలతో వచ్చారని మన ఇళ్లలో చెప్పుకుంటాం. ఆ మాటకు సాక్ష్యం రెండేళ్లకోసారి వీధిలోకి వస్తుంది. ఠాకురాణి యాత్రకు అమ్మవారు పుట్టింటికని వచ్చేది మన కులపెద్ద దేశిబెహరా ఇంటికే. దొరల ఊరికి అలాంటి పుట్టిల్లు లేకపోయింది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి. ఫిబ్రవరి, మార్చి నెలలైతే రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, అదీ చూడొచ్చు. తిరుగు దారిలో మావాడు పుంజం లెక్క మళ్లీ మళ్లీ అడిగాడు. సూరత్‌లో ఆ మాట ఎవరూ అనరట.

ఇంటికొచ్చాక పెట్టెలోంచి మా నాన్న నేసిన జోడా తీశాను. పంచె మీద అంగుళం కొలుచుకుని, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి పోగులు లెక్కపెట్టాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి లోపలున్న వాళ్ల నాన్నను పిలిచాడు.