సునాద సంవత్సరంలో జీతాల లెక్క

లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పిన సునాద (జూబ్లీ) సంవత్సరపు బూర పంట పండుగ నాడు ఊదేది కాదు. ఏడో నెల పదో రోజున, జనమంతా తమను తాము దుఃఖపరచుకునే ప్రాయశ్చిత్త దినాన ఊదాలి. ముందు ఒప్పుకోలు, ఆ తర్వాతే ఉత్సవం. ఆ ఏడు చేయి మారిన పొలం అమ్ముకున్నవాడి ఇంటికి తిరిగొస్తుంది. బీదతనం వల్ల తనను తాను అమ్ముకున్న మనిషి పిల్లలను వెంటబెట్టుకుని తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. ఉన్నన్నాళ్ళూ అతన్ని దాసుడిలా కాక కూలికి వచ్చినవాడిలా చూడాలనీ, కఠినంగా ఏలకూడదనీ అక్కడే రాసి ఉంది. అధ్యాయం మొత్తం మీద గుడికి రంగులు వేయించడం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు.

మన జూబ్లీ సంచికలకు ఒక వరుస ఉంది. ముందు బిషపు గారి సందేశం, తర్వాత పనిచేసి వెళ్ళిన అయ్యగార్ల ఫోటోలు, ఆ వెనుక దాతల పట్టిక, చివర బట్టల కొట్ల ప్రకటనలు. అవన్నీ ఉండాల్సినవే. సంపాదకులు నన్నడిగింది ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో సంఘం ఎలా పెరిగిందో రాయమని. ఆ కథను నేను కూలి డబ్బుల వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సువార్త విన్నవాళ్ళలో ఎక్కువమంది కూలీలు, జీతగాళ్ళు.

మొదట జిల్లా సంగతి. ఈ రెండు ఊళ్ళూ పాత బళ్ళారి జిల్లాలో ఆదోని తాలూకావి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. మిషన్లదీ ఈ సరిహద్దుల కలగాపులగమే. పడమట బళ్ళారిలో 1810లో జాన్ హ్యాండ్స్‌తో మొదలైన లండన్ మిషను, తూర్పున ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్పీజీ మిషను, కర్నూలు పట్టణంలో అమెరికన్ బాప్టిస్టులు. ఎవరు ముందు వచ్చారన్న పంచాయితీ మన పెద్దలకు మహా ఇష్టం. వాళ్ళ మాట విన్నదెవరన్నది అంతకంటే పెద్ద సంగతి. విన్నవాళ్ళు ప్రధానంగా మాలలు, మాదిగలు. నల్లరేగడి చేలల్లో గుంటక తోలినవాళ్ళు, పత్తి తీసినవాళ్ళు, చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చినవాళ్ళు.

జీతం అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు. కూతురి పెళ్ళికో, కరువు ఏట గింజలకో భూస్వామి దగ్గర బాకీ చేసేవారు. దానికింద కొడుకు జీతానికి కుదిరేవాడు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. పూటకింత సంగటి, చలికి ఒక కంబళి. ఏడాది పొడవునా చేసిన చాకిరీ వడ్డీకే సరిపోయేది, అసలు అలాగే ఉండేది. తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడేది. అటువంటి మనిషికి ఆదివారం ఎక్కడిది? తెలుగు పల్లెల్లో సంఘారాధన చాలాచోట్ల రాత్రిపూట జరగడానికి కారణం ఇదే. పశువులను కొట్టంలో కట్టి, మేత వేసి, సంగటి తిని వచ్చేసరికి పొద్దుపోయేది. ఉపదేశి లాంతరు వెలిగించుకుని కూర్చునేవాడు. ముందు వరుసలో కునుకు తీసేవాళ్ళను ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. మనం వీటిని భక్తి నియమాలుగా చదువుకుంటాం. జీతగాడికి మొదటిది పని దినాల తగాదా, రెండోది తిండికీ ఊరి చాకిరీకీ సంబంధించిన తగాదా. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఇచ్చింది యజమానికి ఒక్కడికే కాదు, అతని దాసుడికీ దాసికీ ఎద్దుకూ కూడా. ఆ సంగతి యజమానికి చెప్పాల్సింది పోయి జీతగాడికి చెప్పారు. దాని ఖరీదు కట్టింది అతనే. బావి మూసేశారు, పనిలోంచి తీసేశారు, దెబ్బలు కొట్టారు. దొర ధైర్యవంతుడే, కాదనను. కానీ తన్నులు తిన్నది దొర కాదు.

అయితే అదే క్లౌ ఇంకొక పని చేశాడు, దానికి మాత్రం ఈ సంచికలో ఒక పేజీ ఇవ్వొచ్చు. 1876లో ధాత కరువు మొదలైంది. బళ్ళారి, కర్నూలు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871కీ 1881కీ నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. 1877 జనవరిలో ఇండియా ప్రభుత్వ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో మనిషి రాళ్ళు మోయలేడని మొత్తుకున్నాడు. కొన్ని నెలలకు గానీ కూలి పెరగలేదు. కూలి ఎంతుండాలన్న లెక్కలో ఎందరి ప్రాణాలు పోయాయో ఆ జనాభా లెక్కలే చెబుతాయి.

ఆ రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు. కరువు పనికి వెళ్ళిన అంటరాని కులాలవాళ్ళను పై కులాల మేస్త్రీలు తిట్టేవారు, కొట్టేవారు, కూలి సరిగా ముట్టనిచ్చేవారు కాదు. ఈ ఫిర్యాదులు విన్న క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. బైబిలు చదివి వినిపించినవాడే మట్టి కొలతా చూశాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో మనకు వినిపించేది ఈ అంకె ఒక్కటే. దాని వెనుకున్న మూడున్నర మైళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. కొట్టని మేస్త్రీని, కోత పెట్టని మేస్త్రీని జీవితంలో మొదటిసారి చూసినవాళ్ళకు ఆ తర్వాత విన్న సువార్త వేరేగా వినిపించి ఉంటుందని నా నమ్మకం.

మంచి చెప్పుకున్నాం కాబట్టి రెండోదీ చెప్పుకోవాలి. మన పాత కర్నూలు జిల్లాలో బడులు, ఆసుపత్రి పెట్టిన ఎస్పీజీ 1701లో ఇంగ్లండులో పుట్టిన సంఘం. 1710లో క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే ఆయన చనిపోతూ బార్బడోస్ దీవిలోని తన చెరుకు తోటలను, అందులోని బానిసలతో సహా, ఈ సంఘానికి రాసిపోయాడు. సువార్త సంఘం వంద ఏళ్ళకు పైగా బానిసల యజమాని. ఒక దశలో ఆ మనుషుల రొమ్ముల మీద ‘సొసైటీ’ అన్న ముద్రను కాల్చి వేశారు. 1834లో బానిసత్వం రద్దయితే ఎస్పీజీకి 8,823 పౌన్ల పరిహారం అందింది. విడుదలైనవాళ్ళ చేతికి ఒక్క పెన్నీ రాలేదు. 2006లో ఇంగ్లండు సంఘపు సినడ్ క్షమాపణ చెప్పింది. ఎస్పీజీకి వారసురాలైన యూఎస్పీజీ 2023లో ఆ తోటల వారసుల కోసం 70 లక్షల పౌన్లు కేటాయిస్తామని ప్రకటించింది. దాదాపు రెండు వందల ఏళ్ళు ఆలస్యం. అయినా పాత జీతాల పుస్తకం తెరిచి చూసుకోవడానికి సిగ్గుపడలేదు చూడండి, జూబ్లీకి తగిన పని అది.

ఇక మన ఊళ్ళో కూలివాడికి జరిగిన మేలు గురించి రాయమంటే, నిజాయితీగా నేను మొదట చూపించాల్సింది సంఘ భవనాన్ని కాదు, ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని. మగ్గం మీద కూర్చున్నవాడు నూలు కోసం షావుకారి దగ్గర అప్పు చేసి, నేసిన బట్ట అతనికే, అతను చెప్పిన ధరకే ఇచ్చే రోజుల్లో, 1938లో మాచాని సోమప్ప గారు దాన్ని స్థాపించారు. నూలు సంఘమే ఇచ్చేది, బట్ట సంఘమే తీసుకునేది, మజూరీ లెక్క ప్రకారం చేతికొచ్చేది. నేతగాళ్ళకు ఇళ్ళ కాలనీ కట్టారు. ప్రభుత్వం 1954లోనే ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ సంఘానికి అప్పటి వైభవం ఇప్పుడు లేదన్న సంగతి ఎమ్మిగనూరువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. సోమప్ప గారు క్రైస్తవులు కారు. ద్వితీయోపదేశకాండం పేరెత్తకుండానే, కూలివాడికి కూలి సరిగా ఇవ్వమని ఆ కాండం చెప్పిన పని చేశారు. మనం ఆ కాండాన్ని ఏటా చదువుతూ ఏం చేశామన్నది పక్కవీధి మనిషి అడగదగిన ప్రశ్నే.

ఎందుకంటే కథ తిరగబడింది. నిన్న జీతానికున్నవాళ్ళ మనవళ్ళు మిషను బడిలో చదివి టీచర్లయ్యారు, నర్సులయ్యారు, రైల్వేలో చేరారు, కాంట్రాక్టర్లయ్యారు, బడులకు కరస్పాండెంట్లయ్యారు. ఇది మన సాక్ష్యాల్లో చెప్పుకునే భాగం, గర్వంగానే చెప్పుకోవాలి. కానీ ఇప్పుడు జీతం ఇచ్చే చేయి మనది. పౌలు కొలస్సయులకు రాసిన పత్రికలో దాసులు లోబడాలన్న మాట 3:22లో ఉంది. యజమానులు న్యాయంగా నడుచుకోవాలనీ, వాళ్ళకు కూడా పరలోకంలో యజమాని ఉన్నాడనీ చెప్పేది 4:1. మొదటిదాని మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. రెండోది వచ్చేసరికి అధ్యాయం మారిపోతుంది, ఆదివారం కూడా అయిపోతుంది.

సంఘం కింద పనిచేసేవాళ్ళను ఒకసారి తలుచుకోండి. గుడి ఊడ్చే అమ్మ, హాస్టలు వంటమనిషి, బడి ఆయా, వాచ్‌మన్, పల్లెలు తిరిగే ఉపదేశి, బైబిలు స్త్రీ. సంబళం పెంచమంటే ‘ఇది దేవుని పని కదమ్మా, పరలోకంలో ప్రతిఫలం ఉంటుంది’ అన్న జవాబు మన కమిటీల నోట చాలా తేలిగ్గా వస్తుంది. కరెంటు ఆఫీసుకు ఆ జవాబు ఎప్పుడైనా చెప్పామా? కూలివాడి డబ్బు పొద్దు గుంకకముందే ఇవ్వాలనీ, అతను దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడనీ ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలే మొర పెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం. 1891లో పోప్ పదమూడో లియో కార్మికుల గురించి రాసిన లేఖలో, పస్తులకు భయపడి మనిషి ఒప్పుకున్న కూలి న్యాయమైన కూలి కాదని తేల్చాడు. ఆయాగారు తక్కువకు ఒప్పుకున్నారు కాబట్టి మనకు పాపం లేదనుకునేవాళ్ళు అది చదవాలి. ఆదోనిలో జిన్నింగు మిల్లు యజమాని బట్వాడా ఆపితే గేటు దగ్గర జెండా లేస్తుంది, హమాలీల కూలి పెంచకపోతే మార్కెట్ యార్డు ఆగిపోతుంది. గుడి ఊడ్చే అమ్మకు యూనియను లేదు. ఆమె అయ్యగారిని ఎదిరించదు, ఎందుకంటే ఆదివారం బల్ల దగ్గర ఆయన చేతి రొట్టే తీసుకోవాలి.

ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషిని శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫోటో తీసి పంపడం మనకు అలవాటు. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం దీన్ని ముందే ఊహించింది. ఆరేళ్ళు చేసి ఏడో ఏట వెళ్ళేవాడిని వట్టి చేతులతో పంపొద్దంటుంది. మందలోంచి, కళ్ళంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలంటుంది. మన దేశంలో 1972 గ్రాట్యుటీ చట్టం చెప్పినదీ దాదాపు అదే, ఐదేళ్ళ పని తర్వాత. బడి పంతుళ్ళు దాని కిందికి రారన్న వాదన కొన్నాళ్ళు నడిచింది. 2009 సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచే వాళ్ళకూ వర్తింపజేసింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు సవరణనే నిలబెట్టింది. కోర్టు చెప్పేదాకా ఆగాల్సిన అవసరం బైబిలు చేతపట్టుకున్న యాజమాన్యాలకు ఎందుకొచ్చిందో నాకు అర్థం కాదు.

యిర్మీయా 34వ అధ్యాయంలో సిద్కియా రాజు కథ ఉంది. బబులోను సైన్యం కోటను ముట్టడించగానే యెరూషలేము పెద్దలు భయపడి దేవుని ఎదుట ప్రమాణం చేసి దాసదాసీలను విడిచిపెట్టారు. సైన్యం కాస్త వెనక్కి తగ్గగానే మళ్ళీ అందరినీ పట్టి తెచ్చుకున్నారు. జూబ్లీ తీర్మానాలకు ఇంతకంటే సరిపోయే హెచ్చరిక నాకు కనిపించలేదు.

చివరిగా సుగ్గి, అంటే కూలి పనికి వలస పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, గోనెగండ్ల వైపు పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు లేదు. వానలు మోసం చేసిన ఏడు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు లారీల్లో, బొలేరోల్లో పోతారు. ముసలివాళ్ళు ఊళ్ళో ఉంటారు. బడి పిల్లలు కొందరు అమ్మానాన్నలతో పోతారు, ఆ ఏడు చదువు అటకెక్కుతుంది. ఆదివారం గుళ్ళో పాట ఎత్తుకునేవాళ్ళు కూడా కరువే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేశారు గానీ, కోసిగి నుంచి గుంటూరుకు పోయేవాడు రాష్ట్రం దాటడు, కాబట్టి అతనికి అది వర్తించలేదు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు పోయే తాపీ కూలీకి వర్తించింది, మిరప చేనుకు పోయే అక్కకు వర్తించలేదు. అక్కడ ఆమెకూ రైతుకూ మధ్య ఉండేది మేస్త్రీ ఒక్కడే. బయానా ఇచ్చేది అతను, కాటా దగ్గర నిలబడేది అతను, కమీషను పట్టుకునేది అతను.

ఆ మేస్త్రీల్లో మనవాళ్ళూ ఉన్నారు. కానుకల సంచి పట్టేవాళ్ళూ ఉన్నారు. క్లౌ తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. మనకు ఆ శ్రమ కూడా లేదు, మన మేస్త్రీలు ఇప్పటికే బెంచీల మీద కూర్చుని ఉన్నారు. జూబ్లీ కమిటీకి నాదొక విన్నపం. ఈసారి లారీ ఎక్కేముందు ప్రతి గుంపుకూ బయానా ఎంత, కిలోకు కూలి ఎంత, మేస్త్రీ కమీషను ఎంత, తిరుగు ఛార్జీ ఎవరిదన్నది కాగితం మీద రాయించి, సంఘ కార్యదర్శి సాక్షి సంతకం పెట్టి, ఒక నకలు కూలివాళ్ళ చేతికివ్వాలి. తిరిగొచ్చాక అదే కాగితం ముందు పెట్టుకుని లెక్క చూడాలి. దీనికయ్యేది జూబ్లీ షామియానా ఖర్చులో నూరో వంతు కూడా కాదు. మొదటి ఏడు మేస్త్రీలు గొణుగుతారు, ఒకరిద్దరు కోపం తెచ్చుకుని వేరే సంఘానికి పోతారు కూడా. పోనివ్వండి.